ఎంఎల్‌సీ రాశారు... మా అమ్మాయి మీద కేసు పెడతారా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. అమ్మాయికి 17 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండియర్ చదువుతోంది. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చి, అందరి ముందూ నిలబెట్టి తిట్టారట. మూడు రోజుల క్రితం ప్రాణం తీసుకోబోయింది. దేవుడి దయ, గండం గడిచింది. ఆస్పత్రివాళ్లు ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి పోలీసులకు చెప్పారు. కేసయితే గవర్నమెంటు ఉద్యోగం రాదు, పాస్‌పోర్టు ఇవ్వరు, పొరపాటున జరిగిందని చెప్పమంటున్నారు మా బావగారు. కాలేజీవాళ్లేమో టీసీ తీసుకుపొమ్మంటున్నారు. ఏం చేయాలి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఏ నేరమూ చేయలేదు. మీ బావగారు చెబుతున్నది పాతకాలం మాట. అప్పట్లో ఐపీసీ 309 కింద ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు ఉండేది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్‌లో, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు అంది. వైద్యం, ఆసరా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని కూడా అంది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు 309ని అందులోకి తీసుకోనేలేదు. ప్రభుత్వోద్యోగిని డ్యూటీ చేయనీయకుండా బెదిరించడానికి చేస్తేనే నేరమని 226వ సెక్షన్ ఉంది. దానికీ మీకూ సంబంధం లేదు.

ఎంఎల్‌సీ అంటే ఆస్పత్రి రిజిస్టర్‌లో రాసుకుని స్టేషన్‌కు పంపే సమాచారం. అది ఎఫ్‌ఐఆర్ కాదు. రేపు ఉద్యోగం వెరిఫికేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా’ అని అడిగినచోట ‘లేవు’ అని రాస్తే అది అబద్ధం కాదు. ఒకవేళ తిట్టినవాళ్ల మీద కేసు నడిచినా అందులో మీ అమ్మాయి బాధితురాలే, ముద్దాయి కాదు.

పోలీసులు వాంగ్మూలం కోసం వస్తారు, కంగారుపడకండి. డాక్టరు సరేనన్నాకే మాట్లాడించండి, మీరు పక్కనే ఉండండి. ఆడపిల్లను విచారణకని స్టేషన్‌కు రప్పించకూడదు, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 179వ సెక్షన్ ప్రకారం ఆమె ఉన్నచోటికే వాళ్లు రావాలి. రాసింది చదివి వినిపించమనండి. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

‘పొరపాటున జరిగింది’ అన్న మాట దగ్గర కాస్త ఆగుతాను. నా దగ్గరికొచ్చిన ఒక తండ్రి కేసు భయంతో బతిమాలి డిశ్చార్జి కాగితంలో ‘కడుపునొప్పి’ అని రాయించుకున్నాడు. నెల తిరక్కుండా కొడుకును మళ్లీ అదే క్యాజువాలిటీకి మోసుకొచ్చాడు. అప్పుడున్న డాక్టరు ఆ కాగితం తిప్పి చూసి, కడుపునొప్పి గురించే అడుగుతున్నాడు. అబ్బాయి బతికాడు కానీ ఆ నెలంతా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లనేలేదు. లేని కేసుకు భయపడి వైద్యం పోగొట్టుకోకండి. డాక్టరుకు చెప్పింది గోప్యంగా ఉంచాలని పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. చుట్టాలకు ఏం చెప్తారో మీ ఇష్టం, డాక్టరుకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఇక కాలేజీ. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఓ అమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం చేసేదాకా ఇవే చట్టం. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు, పదిమందిలో అవమానించకూడదు, వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలి అని అందులో స్పష్టంగా ఉంది. మీ పాపకు జరిగిందేమిటో మీరే రాశారు. టీసీ అడుగుతూ మీరు సంతకం చేయకండి. ‘మా అమ్మాయి కోలుకున్నాక వస్తుంది, మీ కౌన్సెలర్ ఎవరో చెప్పండి’ అని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. కాపీలు కలెక్టరుకు, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికి పంపండి.

తిట్టినవాళ్లపై బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే దారి ఉంది. నన్నడిగితే ఓ నెల ఆగమంటాను. కేసంటే ఆ రోజు గురించి పిల్లను పదిసార్లు అడుగుతారు. ఈలోగా కాలేజీ మెసేజ్‌లు, టెస్టు మార్కుల షీట్లు దాచిపెట్టండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పాప ఫోన్లో, మీ ఫోన్లో కూడా ఇవాళే సేవ్ చేసుకోండి. డిశ్చార్జి రోజున బిల్లు కట్టేముందే మానసిక వైద్యుడి దగ్గరికి మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి.