డాష్‌బోర్డులో దాచిన వాచీ

ప్రశ్న: నాకు 42 ఏళ్ళు. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలో ఉంటాం, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. పదేళ్ళలో ఏడు లగ్జరీ వాచీలు కొనాలని జాబితా రాసుకున్నాను. మొదటిది ఇంట్లో చెప్పకుండా ఈఎంఐ మీద మూడున్నర లక్షలకు కొన్నాను. ఆఫీసులో పెట్టుకుని, ఇంటికొచ్చే ముందు తీసి కారు డాష్‌బోర్డులో దాచేవాణ్ణి. గత నెల మా ఆవిడ ఇన్సూరెన్స్ కాగితాల కోసం వెతుకుతుంటే దొరికిపోయింది. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. పాప ఇంటర్ రెండో సంవత్సరం. ఇంటి లెక్కలు, ట్యాక్స్ రిటర్నులు అన్నీ మా ఆవిడే చూస్తుంది. ఇది పెట్టుబడి అని ఎంత చెప్పినా వినడం లేదు. మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసేవారు, ఆయన హెచ్ఎంటీ జనతా ఒకటి ఆగిపోయి బీరువాలో ఉంది, అంతకుమించి మా ఇంట్లో వాచీ అన్నదే లేదు. ఆమెను ఎలా ఒప్పించాలి, కలెక్షన్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోజూ సాయంత్రం కారు ఆపి, చేతికున్న వాచీ తీసి, డాష్‌బోర్డులో పెట్టి, ఖాళీ చేత్తో మెట్లెక్కారు చూడండి, మీ ఆవిడకి కష్టం తోచింది అక్కడే. మూడున్నర లక్షలు పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఇన్నాళ్ళూ మీరు రోజుకోసారి తన దగ్గర దాచారని ఆమెకి ఒక్కసారిగా తెలిసింది. ఆ మాట వదిలేసి మీరు పెట్టుబడి గురించి చెప్తుంటే ఆమెకి ఎలా వినబుద్ధవుతుంది?

అసలు ఆ పెట్టుబడి అన్న మాటే ఇంట్లో ఇక ఎత్తకండి, ఎందుకంటే అది నిజం కాదు. చాలా వాచీలు షాపు దాటగానే విలువ తగ్గుతాయి. కొన్న ధర కంటే ఎక్కువకి అమ్ముడయ్యేవి ఏవో కొన్ని బ్రాండ్లలో కొన్ని మోడల్సే, వాటి సెకండ్‌హ్యాండ్ ధరలు కూడా 2021, 2022లో ఆకాశానికెళ్ళి తర్వాత బాగా దిగాయి. ఇంటి లెక్కలు చూసే మనిషికి బంగారం అంటే ఏమిటో తెలుసు, అవసరమొస్తే రేపు పొద్దున బ్యాంకులో తాకట్టు పెట్టి ఫీజు కట్టేయొచ్చు, మీ వాచీతో ఆ పని అవుతుందా? "నాకు ఇష్టం, అందుకే కొన్నాను, నీకు చెప్పకపోవడం తప్పు" అనండి. అంతకుమించి ఆమెని ఒప్పించాల్సింది ఏమీ లేదు. వెంటనే కరుగుతారని చెప్పలేను, కొన్ని వారాలు పట్టొచ్చు, ఓపిక పట్టండి. ఇకముందు మరీ ఖరీదైనది దాచి కొనడమూ కుదరదు, 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ మీద అమ్మేవాళ్ళు ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవాళ్ళ దగ్గర తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు, అది మీ పాన్ కింద కనపడుతుంది, రిటర్ను వేసేది ఆవిడే కదా.

ఇక కలెక్షన్. మీరు పంపిన జాబితా చూశాను. ఏడింటిలో నాలుగు నల్ల డయల్ డైవింగ్ వాచీలే, ఒకదాని పక్కన ఒకటి పెడితే మీ పాప తేడా చెప్పలేదు. ఆర్కే బీచ్‌లో మోకాలు లోతు దాటి దిగని మనకి అలాంటిది ఒకటి చాలు, మీరు ఇప్పటికే కొన్నది అదే. మూడు రకాల సందర్భాలకి మూడు వాచీలు అనుకోండి: రోజూ పెట్టుకోవడానికి ఈ స్టీలుది, పెళ్ళిళ్ళకీ పండగలకీ పల్చటిది ఒకటి, మనసుకి దగ్గరది ఒకటి. కొన్న ధరే ఖర్చు అనుకోవద్దు. మెకానికల్ వాచీకి కొన్నేళ్ళకోసారి సర్వీసింగ్ ఉంటుంది, ఈ స్థాయి వాచీలకి ఆ బిల్లే చాలామంది నెలజీతం. ఏడు కొంటే ఏడింటికీ అది కట్టాలి. పైగా మన ఊళ్ళో ఉప్పుగాలి, చెమట. లెదర్ స్ట్రాప్ ఎండాకాలంలో త్వరగా పాడవుతుంది, స్టీలు చెయిన్ సందుల్లో మురికి పట్టేస్తుంది, రాత్రి మెత్తటి గుడ్డ తడిపి తుడవండి, పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్ వేయండి. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డ్ అయితే వాచీ పెట్టే చోటే కాదు, ఆ వేడికి లోపలి ఆయిలూ, నీళ్ళు చొరకుండా ఉండే రబ్బరు రింగులూ దెబ్బతింటాయి.

ఆ మనసుకి దగ్గరది కొనక్కర్లేదు, మీ బీరువాలో ఉంది. జనతా రోజూ కీ ఇచ్చుకునే వాచీ. మీ జాబితాలో మూడోదిగా రాసుకున్న ఒమేగా కంపెనీ స్పీడ్‌మాస్టర్, 1969లో చంద్రుడి మీదికి వెళ్ళిన ఆ మోడల్, అదీ చేత్తో కీ ఇచ్చేదే, ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాన్నగారు పొద్దున షిఫ్టుకి వెళ్ళేముందు బొటనవేలితో చూపుడువేలితో కీ తిప్పుతుంటే పక్కన నిలబడి చూసి ఉంటారు మీరు. హెచ్ఎంటీ వాచీల కంపెనీని 2016లో మూసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది, అయినా పాత వాచీలు బాగుచేసే పెద్దవాళ్ళు పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు వెతికితే దొరుకుతారు. డయల్ కొత్తగా రంగు వేయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఆ పసుపు మచ్చలు అలాగే ఉండనివ్వండి. ఈ ఆదివారం పాపని కూడా తీసుకెళ్ళండి, తాతగారిది అని తెలిస్తే వస్తుంది.

పాప ఇంజినీరింగ్ సీటు సంగతి తేలేదాకా రెండో లగ్జరీ వాచీ మాట ఎత్తకండి. తర్వాత ఎప్పుడు, ఎంతలో అన్నది ఇద్దరూ కూర్చుని రాసుకోండి, ఆవిడ వద్దంటే ఆ సంవత్సరానికి వద్దు.

ఈఎంఐలు ఇంకా ఎన్ని మిగిలాయో మీరు నాకు రాయలేదు. ఆవిడకి కూడా చెప్పి ఉండరని నా అనుమానం. ఈ రాత్రి ముందు ఆ లెక్క చెప్పండి.