రియాక్ట్ కంటే ముందు ఒక పేజీ

ప్రశ్న: వెబ్ పేజీలు కట్టడానికి హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ నేర్చుకున్నాను. జావాస్క్రిప్ట్‌లో లూపులు, ఫంక్షన్ల వరకు వచ్చాయి. తర్వాత ఏం నేర్చుకోవాలో తేలడం లేదు. జావాస్క్రిప్ట్‌తో పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్కుల్లో (రెడీమేడ్ సాధనాల్లో) రియాక్ట్ అని కొందరు, యాంగులర్ అని కొందరు, టైప్‌స్క్రిప్ట్ (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్), టెయిల్‌విండ్ (రెడీమేడ్ సీఎస్‌ఎస్ క్లాసులు) రాకపోతే ఉద్యోగమే రాదని ఇంకొందరు అంటున్నారు. వీడియో చూస్తున్నంతసేపు అంతా అర్థమవుతుంది. ఖాళీ ఫైలు తెరిస్తే ఒక్క లైనూ తోచదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే అసలు విషయం. ఖాళీ ఫైలు ముందు ఏమీ తోచకపోవడం ఇంకో కోర్సు చూస్తే తగ్గదు. కాబట్టి రియాక్ట్ కొన్నాళ్లు ఆగనివ్వండి. వీడియో చూడకుండా ఒక చిన్న పేజీ కట్టండి.

ఖర్చుల లెక్క రాసుకునే పేజీ అనుకుందాం. పేరు, మొత్తం రాసే రెండు పెట్టెలు, ఒక బటన్, కింద జాబితా, చివర కూడిక. బటన్ నొక్కితే జాబితాలో చేరాలి కాబట్టి ఈవెంట్లు (నొక్కడం లాంటివి), డామ్ (జావాస్క్రిప్ట్ మార్చగలిగే పేజీ రూపం) నేర్చుకోక తప్పదు. యాభై, ముప్పై కూడితే 5030 అని వస్తుంది. ఇన్‌పుట్ నుంచి వచ్చేది అంకె కాదు, స్ట్రింగ్ (అక్షరాల వరస) అని అప్పుడు తెలుస్తుంది. ఒకసారి అలా దెబ్బ తిన్నాక ఎప్పటికీ మర్చిపోరు. రిఫ్రెష్ చేస్తే జాబితా మాయమవుతుంది, లోకల్ స్టోరేజ్ (బ్రౌజర్‌లోనే డేటా దాచే చోటు) వెతుక్కుంటారు. అదీ స్ట్రింగులే దాచుకుంటుంది కాబట్టి జేసన్ (డేటాను స్ట్రింగ్‌గా రాసే పద్ధతి) అవసరమవుతుంది. ఇలా తర్వాత ఏం నేర్చుకోవాలో ఆ పేజీయే అడుగుతూ పోతుంది. ఈ ఒక్క పేజీకి ఏఐ చేత కోడ్ రాయించకండి. ఎర్రర్ అర్థం కాకపోతే దాని అర్థం మాత్రం అడగండి.

ఒక ఖర్చును తీసేసే బటన్ కూడా పెట్టండి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అర్రేలోంచి (కోడ్‌లో జాబితా ఉండే చోటు నుంచి) పోయినది తెర మీద మిగిలిపోతుంది, లేదా తెర మీంచి పోయినా కూడికలో ఉండిపోతుంది. డేటానూ తెరనూ ఒకేలా ఉంచడం ఎంత కష్టమో మీకే తెలిసొస్తుంది. రియాక్ట్ తీర్చేది ప్రధానంగా ఈ కష్టాన్నే. అది పడ్డవాళ్లకు ‘స్టేట్’ (పేజీ ఆ క్షణంలో గుర్తుంచుకున్న డేటా) ఎందుకో వెంటనే అర్థమవుతుంది. పడనివాళ్లు దాన్ని బట్టీ పడతారు. ఆ తర్వాత ఫెచ్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌తో ఏదైనా ఏపీఐ (వేరే సర్వర్ డేటా ఇచ్చే మార్గం) నుంచి డేటా తెచ్చి చూపించండి. డేటా వచ్చేలోపు ఏం కనిపించాలి, రాకపోతే ఏం కనిపించాలి అన్నవి కూడా రాయండి. చాలామంది వదిలేసేవి అవే.

గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను దాచి ఉంచే సాధనం) మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. నాలుగైదు కమాండ్లతో పని నడుస్తుంది.

ఇక రియాక్టా, యాంగులరా అంటే, మీరు చేరాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై చదవండి. ఏది ఎక్కువ అడుగుతుంటే అది ఒక్కటే పట్టుకోండి. ఏ తేడా కనిపించకపోతే రియాక్ట్ తీసుకోండి అంటాను. పాత వీడియోలతో జాగ్రత్త. రియాక్ట్ ప్రాజెక్టును మొదలుపెట్టి ఇచ్చే పాత సాధనం క్రియేట్ రియాక్ట్ యాప్‌తో మొదలయ్యేవి వదిలేయండి, 2025లో దాన్ని అధికారికంగా పక్కన పెట్టేశారు. ఇప్పుడు ఆ పనికి వీట్ (Vite) అనే సాధనంతో మొదలుపెట్టవచ్చు. ఫ్రేమ్‌వర్కులు మారతాయి. 2006లో వచ్చిన జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ చేసిన పనుల్లో చాలావాటిని ఇప్పుడు బ్రౌజరే చేస్తుంది. 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్‌కు (ఇప్పటి యాంగులర్‌కు ముందుది) 2021 చివరితో సపోర్ట్ ఆగిపోయింది. జావాస్క్రిప్ట్ బాగా వచ్చినవాళ్లకు ఇలాంటి మార్పులు పెద్ద భారం కావు.

టైప్‌స్క్రిప్ట్ తప్పకుండా నేర్చుకోవాలి, కానీ రియాక్ట్‌లో ఒక ప్రాజెక్ట్ పూర్తయ్యాక. సీఎస్‌ఎస్‌లో పేజీని అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ చేతికి అలవాటైతే టెయిల్‌విండ్‌కు కొద్ది రోజులు చాలు.

ఇంకొక్క పని. పేజీ పూర్తయ్యాక మౌస్ ముట్టకుండా, ట్యాబ్, ఎంటర్ కీలతోనే ఒక ఖర్చు చేర్చి, తీసేసి చూడండి. బటన్ ట్యాగ్ బదులు డివ్ (మామూలు పెట్టె ట్యాగ్) వాడి ఉంటే అక్కడే ఆగిపోతుంది. చూపు సరిగా లేనివాళ్లు, మౌస్ పట్టలేనివాళ్లు కూడా మీ పేజీ వాడతారు. వాళ్ల కోసం ఆలోచించడం మొదటి ప్రాజెక్ట్ నుంచే అలవాటు కావాలని నా కోరిక.

ఎక్కడైనా రెండు మూడు రోజులు ముందుకు కదలకపోతే, ఆ కోడ్, బ్రౌజర్ కన్సోల్‌లో (ఎర్రర్లు చూపే చోట) కనిపించిన ఎర్రర్ కలిపి నాకు పంపండి. అక్కడి నుంచి చూద్దాం.