‘నీళ్ళు’ అంటే ఏమిటో టీచర్‌కు మనమే చెప్పాలి

“అక్కా, మేం అమెరికాలో డాలస్‌కు వచ్చి రెండు నెలలైంది. పాపకు మూడేళ్ళు. వచ్చే నెల డేకేర్‌లో వేస్తున్నాం. దానికి తెలుగు తప్ప ఇంకేం రాదు. ఇప్పటినుంచే ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడమని అందరూ అంటున్నారు. మాట్లాడాలా?”

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు మా బాబు డేకేర్ మొదటి వారమే గుర్తొస్తుంది. వాడికి అప్పుడే మూడు నిండాయి. మూడో రోజు సాయంత్రం తీసుకురావడానికి వెళ్తే టీచర్ నన్ను ఆపి, “రోజంతా ‘నీలూ, నీలూ’ అంటూనే ఉన్నాడు. నీలూ అంటే మీ ఇంట్లో ఎవరైనానా?” అని అడిగింది. వాడు అడిగింది నీళ్ళు. సీసా వాడి బ్యాగులోనే ఉంది, జిప్ వేసి. కార్లో కూర్చోబెట్టి చేతికిస్తే గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ టీచర్ మంచి మనిషి, వాణ్ణి దగ్గరకు తీసుకుని రకరకాల బొమ్మలు ఇచ్చి చూసిందట. ఆ మాటకు అర్థం ఆమెకు నేను చెప్పి ఉండాల్సింది.

మర్నాడు ఒక కాగితం మీద పన్నెండు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి ఇచ్చాను. నీళ్ళు, బువ్వ, ఆకలి, పాలు, సుస్సు, నొప్పి, చలి, నిద్ర, వద్దు, ఎత్తుకో, భయం, అమ్మ ఎప్పుడొస్తుంది. ఒక్కో మాట ఎలా పలకాలో నిలబడి రెండుసార్లు చెప్పాను. ఆమె ఆ కాగితాన్ని అల్మారా తలుపుకు అంటించింది. మీరూ ఇదే చేయండి. పుస్తకాల మాటలు కాకుండా మీ పాప నోట వచ్చే మాటలే రాయండి. బాత్రూంకి వెళ్ళాలంటే ఒక్కో ఇంట్లో ఒక్కో మాట ఉంటుంది, ముఖ్యంగా అది మర్చిపోకండి. పాపకు కూడా ‘వాటర్’, ‘పాటీ’, ‘హెల్ప్’, ‘నో’ లాంటి నాలుగైదు ఇంగ్లీష్ మాటలు ఆటలా నేర్పండి, చాలు.

ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి. తోటి పిల్లల మధ్య పడ్డాక ఇంగ్లీష్ దానంతటదే వస్తుంది. మొదట్లో కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, పాప అక్కడ నోరు విప్పకపోవచ్చు. కొత్త భాషలోకి వెళ్ళిన పిల్లల్లో ఇది మామూలే. అయితే ఒకటి గమనించండి. తెలుగులో కూడా వయసుకు తగ్గట్టు మాటలు రాకపోతే, “రెండు భాషలు కదా, అయోమయంలో ఉంది” అని సర్దిచెప్పుకోకండి. వెంటనే పిల్లల డాక్టరుతో చెప్పండి.

బడి ఫారంలో “ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?” అని అడుగుతారు. పిల్లను తక్కువగా చూస్తారేమోనని చాలామంది ఇంగ్లీష్ అని రాసేస్తారు. అలా చేయకండి, తెలుగు అనే రాయండి. అప్పుడు పాపకు ఇంగ్లీష్ ఎంత వచ్చో బడివాళ్ళు పరీక్షించి, అవసరమైతే నేర్పడానికి సాయం ఇస్తారు. పైగా డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్ళు నిండి ఇంగ్లీష్ రాని పిల్లలకు ప్రభుత్వ బడిలో ప్రీకే, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి, ఉచితంగా దొరికే అర్హత ఉంది. కిండర్‌గార్టెన్‌కు అదే తేదీకి ఐదేళ్ళు నిండాలి. ఇంట్లో ఇంగ్లీష్ మొదలుపెట్టాలన్న తొందర అక్కర్లేదని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

మన ఇంటి సంగతులు ఇంకా ఉన్నాయి. అవీ ఇక్కడివాళ్ళకు మనం చెబితేనే తెలుస్తాయి.

లంచ్ డబ్బా ఉంది. చాలా డేకేర్లలో వేరుశనగ గదిలోకే రానివ్వరు. పక్క పాపకు అలర్జీ ఉంటే ప్రాణం మీదకు వస్తుంది కాబట్టి ఇది చిన్న నియమం అనుకోవద్దు. పీనట్ బటర్ పెట్టకూడదని మనకు తెలుసు. కానీ ఇడ్లీలోకి పల్లీ చట్నీ, పులిహోర తాలింపులో పల్లీలు, కూరలో చల్లిన పల్లీ పొడి చప్పున గుర్తుకు రావు. డబ్బా కట్టేవాళ్ళు మీ అత్తగారో అమ్మగారో అయితే వాళ్ళకు మరీ వివరంగా చెప్పండి. ఇంకో మాట. అక్కడ ఎవరూ ముద్దలు కలిపి నోట్లో పెట్టరు. చేరే ముందే పాపకు తనంతట తాను తినడం అలవాటు చేయండి. ఇల్లంతా మెతుకులు పడినా పరవాలేదు.

డాక్టరు దగ్గర చెప్పాల్సినవి ఇంకా ఎక్కువ. మన పిల్లల్లో చాలామందికి నడుం కింద, పిరుదుల మీద పుట్టుకతోనే నీలి రంగు మచ్చలు ఉంటాయి. మన దగ్గర వాటిని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ తెలియనివాళ్ళు చూస్తే దెబ్బలని అనుమానించవచ్చు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాగే ప్రశ్నలు వచ్చాయి. ఆ తల్లి రెండు రోజులు ఏడుస్తూనే ఉంది. మొదటి చెకప్‌లోనే ఆ మచ్చలు చూపించి, ఫైల్లో రాయమని అడగండి. డేకేర్‌లో చేర్చే రోజు డైపర్ మార్చే టీచర్‌కూ చూపించండి.

టీకాల కార్డు ఇండియా నుంచి తెచ్చే ఉంటారు. మన తేదీల్లో రోజు ముందు, ఇక్కడ నెల ముందు. 05/06 అంటే మనకు జూన్ ఐదు, వీళ్ళకు మే ఆరు. నర్సు పక్కన కూర్చుని నెల పేరు పలుకుతూ చెప్పండి. మన దగ్గర తట్టు టీకా మొదటి డోసు 9 నెలలకే వేస్తారు. ఇక్కడ మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన ఆ డోసు లెక్కలోకి రాదు. “మళ్ళీ ఎందుకు వేస్తున్నారు?” అని కంగారు పడకండి. ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ టీకా మన ప్రభుత్వ టీకాల జాబితాలో లేవు, ఇక్కడి బడికి కావాలి. పాప భుజం మీద క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ ఉంటే అదేమిటో చెప్పండి. ఇక్కడి పిల్లలకు మామూలుగా ఆ టీకా వేయరు. క్షయకు చేసే చర్మ పరీక్ష ఫలితం ఆ టీకా వల్ల తప్పుగా రావచ్చు.

కాటుక గురించి చెప్పడానికి నాకే బాధగా ఉంటుంది. మా అమ్మ ఆముదం దీపం పెట్టి పట్టిన కాటుకే నా చిన్నప్పుడు నా కళ్ళకు పెట్టేది. అయినా చెబుతున్నాను, పిల్లల కళ్ళకు పెట్టకండి. బజారు కాటుకల్లో సీసం దొరికిన సందర్భాలు ఉన్నాయి. సీసం పిల్లల మెదడుకు మంచిది కాదు. ఇప్పటిదాకా పెడుతూ ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, రక్త పరీక్ష చేసి చూస్తారు. ఏడాది లోపు బాబో పాపో కూడా ఉంటే తేనె నాకించవద్దు. మొలతాడు ఉంటే అదేమిటో, ఎందుకు కట్టామో టీచర్‌కు చెప్పండి. మెడలో తాడు, గొలుసు మాత్రం తీసేయండి, నిద్రలో బిగుసుకోవచ్చు.

కారు విషయం రెండు ముక్కల్లో చెబుతాను. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేదాకా కార్‌సీట్‌లోనో బూస్టర్‌లోనో కూర్చోవాలని టెక్సాస్ చట్టం. ఏడుస్తోందని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి. పాలు తెచ్చే ఒక్క నిమిషానికైనా పాపను కార్లో ఒంటరిగా వదలకండి. డాలస్ ఎండకు కారు లోపల నిమిషాల్లోనే పొయ్యిలా అవుతుంది.

ఇక మీ అమ్మానాన్నలతో ఫోన్. రాత్రి ఎనిమిదికి చేస్తే అక్కడ వేసవిలో ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పాప రోజంతా ఇంగ్లీష్ విని వచ్చాక, జరిగినవన్నీ తెలుగులో చెప్పుకునే సమయం అదే. మీరు ఫోన్ దాని చేతికిచ్చి పక్కకు తప్పుకోండి, మధ్యలో మాటలు అందించకండి. మా వాడు ఆ కాగితం ఇచ్చిన వారానికి ఫోన్ పట్టుకుని మొట్టమొదట చెప్పింది ఇదే: “అమ్మమ్మా, మా టీచర్‌కి నీళ్ళు అనడం వచ్చేసింది.”