వేడి చేస్తే మెత్తబడుతుందని రాయకు

హన్మకొండ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "టంగ్‌స్టన్‌ను బాగా వేడి చేస్తే దశ మారి మెత్తబడుతుంది, అప్పుడు ఎటు కావాలంటే అటు వంచొచ్చు" అని మొదటి పేరాలోనే రాశావు. అక్కడే ఆగిపోయాను.

బల్బు తీగ చేసే ఈ టంగ్‌స్టన్ లోహం 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అప్పటిదాకా దాని పరమాణువుల అమరిక, అంటే దశ, మారనే మారదు. మారేవి వేరే లోహాలు. టైటానియం 882 డిగ్రీల దగ్గర, జిర్కోనియం దాదాపు 863 దగ్గర ఒక అమరిక వదిలి ఇంకో అమరికలోకి పోతాయి. ఆ గీత దాటాక టైటానియం సులువుగా సాగుతుంది, నిజమే. కానీ అక్కడే ఎక్కువసేపు ఉంచితే లోపలి రేణువులు, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు, పెద్దవై, చల్లారాక సాగే గుణం తగ్గిపోతుంది. "దశ మార్పు" అనే మాట ఇలాంటి చోటే వాడు.

టంగ్‌స్టన్‌ది ఇంకో కథ. చల్లగా ఉన్నప్పుడు కొడితే పెళుసుగా విరుగుతుంది. కొన్ని వందల డిగ్రీలు దాటాక విరగడం మాని సాగడం మొదలుపెడుతుంది. అందుకే వేడి మీద కొట్టి, సన్నటి రంధ్రాల్లోంచి లాగి తీగ తీస్తారు. 1910 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త విలియం కూలిడ్జ్ బల్బు తీగను సాధించింది ఈ దారిలోనే. లాగేకొద్దీ రేణువులు నారలా పొడుగవుతాయి, తీగ వంగుతుంది. అదే తీగను మరీ కాలిస్తే కొత్త రేణువులు పుట్టి ఆ నార పోతుంది. చల్లారాక మళ్లీ పెళుసే. మా వరండాలో ఏళ్ల తరబడి వెలిగిన అరవై వాట్ల బల్బు ఒకటి దాచి ఉంచాను. నీ వ్యాసం చదివాక దాన్ని బయటికి తీసి వేలితో గట్టిగా మీటాను. లోపల తీగ తెగి, ఒక ముక్క గాజుకు తగిలి టిక్కుమంది. ఆ చప్పుడు నీ వ్యాసంలో వినపడాలి.

రీనియం అనే లోహం కలిపితే టంగ్‌స్టన్ బాగా సాగుతుందని రాశావు, సరే. మరీ ఎక్కువ కలిపితే సిగ్మా అనే పెళుసు దశ పుడుతుందని కూడా చెప్పాలి కదా.

మన వైపు ఉదాహరణ ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. పర్షియా వ్యాపారులు మన నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు. ఆ రకం ఉక్కును యూరప్ కమ్మరులు తమ ఇనుములాగే తెల్లగా కాల్చి కొడితే పగిలి పొడైంది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. అంత వేడిలో రేణువుల అంచుల దగ్గర కరగడం మొదలవుతుంది. ఎర్రటి వేడి మీదే ఓపిగ్గా కొట్టాలి. ఎక్కువ వేడి అంటే ఎక్కువ మెత్తన కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అంకెలు తీసేయమనడం లేదు. ప్రతి డిగ్రీ పక్కన ఆ ముక్కకు ఏమైందో రాయి: సాగిందా, పగిలిందా, ఎక్కడ పగిలింది.

ఆదివారం పొద్దున్నే కాజీపేటలో దిగు. మా ఊరి కొలిమి దగ్గర కర్రులు సాగగొడతారు. కమ్మరి ఏ రంగు దగ్గర సుత్తి ఆపి ముక్కను మళ్లీ నిప్పుల్లో పెడుతున్నాడో చూసి, మొదటి పేరా అక్కడే కూర్చుని మళ్లీ రాద్దువు.

నీ అన్న