పాటల అయ్యోరు కాబోతున్న మేనల్లుడికి

తిరుపతి

అబ్బోడా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వదినా, వీడు చెన్నై ఉద్యోగం వదిలేసి బడిలో పాటలు చెప్తాడంట. నువ్వన్నా బుద్ధి చెప్పు" అనింది. సరే చెప్తాలే అని ఫోన్ పెట్టేసినాక నాకు నవ్వాగలేదు. భారతం ఆడే ఊళ్ళన్నీ తిరిగి మా నాయన హార్మోనియం వాయించినాడు. నేను హైస్కూల్లో పాటల టీచరుగా రిటైరయినాను. ఇప్పుడు నువ్వు బయలుదేరినావు. సంతోషం లేదంటే అబద్ధమే అవుతుంది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పాటల అయ్యోరికి పిల్లనెవరిస్తారని మీ అమ్మ దిగులు. ఇస్తారులే. నా దిగులు వేరే ఉంది, చెప్తా.

సులువైనవి ముందు చెప్పేస్తా. నోటిఫికేషన్ ఆఖరి పేజీ దాకా చదువు. టైముకు బడికి పో. మొదటి నెలలోనే హెడ్మాస్టరుతో పోట్లాడొద్దు. అంతే, మిగతావి నీకు తెలిసినవే.

ఏ బడి అనేది తేల్చుకున్నావా? కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరంటే ప్రైమరీ టీచరు లెక్కలోకి వస్తాడు, మూలవేతనం 35,400. ఇంటర్లో యాభై శాతం మార్కులు, పైన సంగీతంలో డిగ్రీ అడుగుతారు. హిందీలోనూ ఇంగ్లీషులోనూ పాఠం చెప్పగలగాల. నీ హిందీ ఎట్లాంటిదో నాకు తెలుసు, ఇప్పట్నుంచే చూసుకో. నవోదయలో 44,900తో మొదలు. కానీ అక్కడ పిల్లలతో పాటు క్యాంపస్‌లోనే కాపురం, సాయంత్రం బడి వదిలినాక కూడా నువ్వు అయ్యోరివే. మన పాత చిత్తూరు జిల్లాకు మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది, అయితే నీకు అక్కడే ఇస్తారని ఏమీ లేదు, దేశంలో ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వ బళ్ళలో సంగీతం పోస్టులు ఎప్పుడో గాని పడవు. 2018 డీఎస్సీలో పడినాయి. ఆ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చుంటే తల నెరిసిపోతుంది. ఇక మిగిలింది నువ్వు చూసుకున్న రేణిగుంట వైపు ప్రైవేటు బడి. అక్కడ జీతమూ వాళ్ళ ఇష్టమే, పీరియడ్లూ వాళ్ళ ఇష్టమే.

ఇందులో ఏ దారి పట్టినా నీకు అడ్డం పడేది ఒకటే. సంగీతంలో నాలుగేళ్ళ సర్టిఫికెట్ పాసయినావు, ఆపైన రెండేళ్ళ డిప్లొమాను సగంలో వదిలేసి ఆడిటర్ ఆఫీసులో కూర్చున్నావు. ఎందుకు వదిలేసినావురా? అప్పుడు అడిగితే "చేత్తో వాయించేదానికి కాగితమెందుకత్తా" అన్నావు. ఆ మాట నీది కాదు. ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం. మీ నాయనకు చూపించొద్దు.

మీ నాయన పదిహేనేళ్ళ వయసులో ఎట్లా వాయించేవాడో నువ్వు చూడలేదు. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. ఒకసారి తపస్సు మాను రోజు, అంటే అర్జునుడు తపస్సు కోసం పొడుగాటి మాను ఎక్కే రోజు, మా నాయనకు జ్వరమొచ్చి, మీ నాయనను హార్మోనియం పెట్టె ముందర కూర్చోబెట్టినారు. అర్జునుడు వేషగాడు మాను ఎక్కుతా పద్యాలు పాడతాడు గదా, పైకి పోయేకొద్దీ అతనికి హార్మోనియం వినపడదు, శ్రుతి తప్పుతా ఉంటుంది. వీడు కింద కూర్చుని అతను ఎక్కడికి జారితే అక్కడ మెట్టు మార్చి పట్టుకున్నాడు. మాను కింద కొంగు పట్టుకుని నిలబడిన ఆడవాళ్ళకెవరికీ తెలియలేదు. మేళం వాళ్ళకు తెలిసింది. పొద్దున్నే ముసలి మద్దెల ఆయన వచ్చి వీడి చెయ్యి తన కళ్ళకు అద్దుకున్నాడు.

అట్లాంటి వాడిని నాతో పాటు పరీక్షకు కట్టమంటే కట్టలేదు. నేను సర్టిఫికెట్ రాసినాను, డిప్లొమా రాసినాను. నా చెయ్యి వాడి చెయ్యిలో సగం కూడా రాదు. "నాకు పరీక్ష పెట్టే ఆయన మాను కింద కూర్చుని వాయించగలడేమో అడిగి రా అక్కా" అని నవ్వినాడు. మా నాయన కూడా నవ్వినాడు. ఇంట్లో అందరం నవ్వినాం, ఆ రోజు.

తర్వాత ఒక ప్రైవేటు బడి వాళ్ళు పిలిచినారు. పేరు వద్దులే. ఏళ్ళ తరబడి చెప్పినాడు అక్కడ. వార్షికోత్సవాలు, ఆగస్టు పదిహేను, పోటీలు అన్నీ వాడి పిల్లలవే. ఆర్డరు మాత్రం ఇవ్వలేదు. టీచర్లంతా హాజరు పట్టీలో సంతకం పెడితే వీడితో వేరే నోటుబుక్కులో పెట్టించేవాళ్ళు. జీతం కవర్లో వచ్చేది. నేను కనపడినప్పుడల్లా అడిగేదాన్ని, "ఆర్డరు అడిగినావా?" అని. "పాట చెప్పేదానికి ఆర్డరేంది అక్కా, వాళ్ళు నన్ను గౌరవంగా చూస్తున్నారు" అనేవాడు. నిజమే, గౌరవంగానే చూసినారు. శాలువాలు ఎన్ని కప్పినారో మీ ఇంట్లో బీరువా తెరిస్తే కనపడతాయి. శాలువా మీద తేదీ ఉండదు, సీలు ఉండదు.

యాజమాన్యం మారింది. వచ్చినాయన మంచివాడే అంటారు, పదో తరగతి ఫలితాలు ఒక్కటే పిచ్చి. పాటల పీరియడ్ లెక్కలకు పోయింది. దసరా సెలవులు అయినాక రావద్దని ఆయా చేత చెప్పి పంపినారు. సరిగ్గా ఆ ఏడే ఇంకో చోట పోస్టు పడితే వీడిని వెంటబెట్టుకుని నేనే పోయినాను. డిప్లొమా లేదు, పోనీ అనుభవం ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. మళ్ళీ బడికి పోతే గుమాస్తా పట్టీలు అన్నీ తిరగేసి, "ఈ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయలేదే" అన్నాడు. అతని ముందర ఉన్న పట్టీల ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. ఆ నోటుబుక్కు ఏమైందో ఎవరికీ తెలియదు.

బస్సులో వచ్చేటప్పుడు మీ నాయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చి పెట్టెకు గుడ్డ కప్పి మంచం కిందికి తోసినాడు. తర్వాత జెరాక్స్ షాపు పెట్టినాడు. పొద్దస్తమానం ఊళ్ళో వాళ్ళ సర్టిఫికెట్లకు నకళ్ళు తీసే పని. ఇంకేదైనా షాపు పెట్టుకోకూడదా అని నాకు ఇప్పటికీ వాడి మీద కోపమే.

కాబట్టి ఒరేయ్, ఆ రేణిగుంట వాళ్ళు ఆర్డరు ఇస్తేనే చేరు. అందులో సంగీతం టీచరు అని రాయాల, చేరిన తేదీ ఉండాల, జీతం బ్యాంకులో పడాల. "అట్లాగే సార్, వచ్చే నెలలో ఇస్తాం" అంటే వచ్చే నెలలోనే చేరతానని చెప్పు. చదువు కూడా ఆపొద్దు. మన ఎస్వీ సంగీత నృత్య కళాశాలకు పోయి విశారద, ప్రవీణ కోర్సుల వివరాలు కనుక్కో. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మే సంగీతం ఉంది గాని నువ్వు మగపిల్లాడిగా పుట్టి చెడగొట్టుకున్నావు.

బీకాం చదివినోడు పాటలు చెప్పేదేంది అని ఎవరన్నా నవ్వితే పట్టించుకోవద్దు. నాతో పనిచేసిన పాటల టీచర్లలో నాదస్వరం ఇంటి బిడ్డ ఉన్నాడు, హరికథ చెప్పే ఆయన కూతురుంది, చర్చిలో కీబోర్డు వాయించి వచ్చినోడున్నాడు. వీణ నేర్చుకుని హిందీ పండితురాలిగా చేరి, పాటల పోస్టు ఖాళీగా ఉంటే అది కూడా మోసిన ఆమె ఉంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కాలేజీలో దశాబ్దాల పాటు చెప్పింది తెలుగు పాఠమే. ఆ తర్వాత మన తిరుపతికి వచ్చి అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కట్టినారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? రాగిరేకుల మీద కీర్తన ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. బాణీలు పాడినవాళ్ళతోనే పోయినాయి. నీ తరగతిలో నువ్వు కట్టిన ప్రతి పాటకూ స్వరం రాసి, తేదీ వేసి పెట్టుకో. మా నాయన పద్యాల వరుసలు ఒక్కటి కూడా మన దగ్గర లేవు.

ఇంక గొంతు సంగతి. నీది ఒకటి శ్రుతి, మగగొంతుకు సరిపోయే కింది శ్రుతి. ఆరో తరగతి పిల్లల ముందర నీ శ్రుతిలో పాడితే, వాళ్ళు కింద గొణుగుతారు, లేదంటే పైస్థాయి పట్టుకుని కేకలు పెడతారు. శ్రుతి పైకి పెంచి ఐదు దగ్గర పెట్టి చూడు. నీ పంచమమే వాళ్ళ షడ్జమం అవుతుంది. మరి పైకి పోయేటప్పుడు నీ గొంతు చాలదు గదా అంటావు, చాలదు. అందుకే నువ్వు మొత్తం పాడొద్దు. ఎత్తుగడ చూపించి ఆపెయ్యి, పెట్టె మీద వాయించు, బాగా పాడే పిల్లను ముందర నిలబెట్టు. అరవై మందిని గొంతుతో గెలవాలనుకుంటే ఐదేళ్ళలో గొంతు పోతుంది. మాతో ఉన్న ఒకాయన రేడియోలో బి హై గ్రేడ్ విద్వాంసుడు, రోజుకు ఆరు పీరియడ్లు మైకు లేకుండా పాడి పాడి, చివరికి ప్రార్థనకు కూడా చప్పట్లతోనే తాళం వేసేవాడు. గొంతు బొంగురుపోతే వేడినీళ్ళు, మిరియాలు అని కూర్చోవద్దు. రెండు వారాలకు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పో. సుద్దముక్క పొడి ముఖానికి కొట్టుకోకుండా తడిగుడ్డతో బోర్డు తుడువు. ఇది నువ్వు చెయ్యవు, నాకు తెలుసు, అయినా రాస్తున్నా.

ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లలకు గొంతు మారే వయసు. నిన్న బాగా పాడినోడు ఇవాళ అపస్వరం పాడతాడు. వాడిని లేపి నిలబెట్టి నవ్వించొద్దు. తాళం అప్పగించు, కంజీర ఇవ్వు, వాడికి అందే నాలుగు స్వరాల్లో పాడనివ్వు.

ఏ బడిలో చేరినా నీ చేతికి మొదట వచ్చేది ప్రార్థన. జనగణమన పూర్తిగా పాడితే సుమారు 52 సెకన్లు. చాలా బళ్ళలో జయహే దగ్గర సాగదీసి నిమిషం దాటిస్తారు. ఫోన్లో టైము పెట్టుకుని సరిచెయ్యి. పిల్లలకు దాని కథ కూడా చెప్పు. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు పాడి వినిపించినాడు. అక్కడ ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్, ఐర్లాండులో సంగీతం డిగ్రీ చదివిన మనిషి, ఆ వరుసకు స్వరం రాసి పిల్లలతో పాడించింది. ఠాగూరు ఇంగ్లీషు అనువాదం రాసిందీ అక్కడే. మన పాత జిల్లాలో ఒక సంగీతం టీచరు చేసిన పని అది. నేను చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళు కూడా తల ఎత్తేవాళ్ళు.

కలెక్టరు వస్తున్నాడంటేనే బడికి పాటల అయ్యోరు గుర్తుకొస్తాడు, మిగతా రోజుల్లో ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసుకు నిన్ను తోస్తారు. ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కలు, మధ్యాహ్న భోజనం దగ్గర వరస కట్టించడం... ప్రభుత్వ బడి అయితే ఇవన్నీ ఉంటాయి. చెయ్యి. కానీ నీ పీరియడ్ అడిగితే నవ్వుతా ఇచ్చెయ్యొద్దు. ఒకసారి ఇస్తే ఆ గంట మళ్ళీ నీకు రాదు. ఇంటికొచ్చినాక రోజుకో గంట నీ సంగీతం నువ్వు చూసుకో, రేడియో ఆడిషన్ నోటీసు కోసం చెవి పెట్టి ఉండు.

ఆదివారం పొద్దున రా. మీ అత్తయ్య దగ్గర ఉద్యోగం లేదు గాని ఉగ్గాణి ఉంటుంది. డిప్లొమా ఎక్కడ ఆగిపోయిందో కాలేజీలో అడిగేదానికి సోమవారం ఇద్దరం కలిసి పోదాం. సర్టిఫికెట్లు అసలువి తేవద్దు, బస్సులో పోగొడతావు. నకళ్ళు చాలు, మూడు సెట్లు. మీ నాయన షాపులోనే తీయించు. ఎందుకని అడుగుతాడు, అప్పుడు నువ్వే చెప్పు.

మీ అత్త