టర్న్‌టేబుల్ కోసం సిప్ ఆపాలా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. కాకినాడలో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 72,000 వస్తుంది. ఇంటి ఖర్చు 46,000, ఇంటి రుణం వాయిదా 11,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేది) 8,000. పొదుపు ఖాతాలో 1.10 లక్షలున్నాయి. నాన్నగారి ఎల్పీలు (పెద్ద వినైల్ రికార్డులు) 170, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు ఓ ముప్పై నా దగ్గరున్నాయి. మూడేళ్ల కిందట కొన్న ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మీద వారానికి ఆరు ఎల్పీలు వింటాను. నెలకొక కొత్త రికార్డు కొంటాను, 3,500 దాకా అవుతుంది. ఈ మధ్య ఏ రికార్డు వేసినా చివరి పాట గరగరమంటోంది. అదే కంపెనీ ఎల్పీ120ఎక్స్, స్పీకర్ల జత కలిపి 54,000కు తొమ్మిది నెలల నో-కాస్ట్ ఈఎంఐలో ఇస్తామన్నారు. ఒకేసారి కడితే 50,500. దానికి విడి సూది ఎలిప్టికల్‌ది (కోల మొన) 3,200, మైక్రోలీనియర్‌ది (ఇంకా సన్నటి మొన) 13,000 అట. తొమ్మిది నెలలు సిప్ ఆపి కొనుక్కోవచ్చా? డల్లాస్‌లో ఉన్న మా బావగారు అక్కడి నుంచి ఒకటి తెస్తానంటున్నారు. అది మేలా?

జవాబు: సిప్ ఆపకండి. ఈఎంఐ జోలికీ వెళ్లకండి. టర్న్‌టేబుల్ మాత్రం కొనుక్కోండి, ఇప్పుడు కాదు, మరో పదహారు నెలలకు. ఈ నెలలో కొనాల్సింది సూది.

ఎల్పీకి రెండు వైపులా కలిపి 40 నిమిషాలు. వారానికి ఆరంటే నాలుగు గంటలు, ఏడాదికి 208, మూడేళ్లకు 624 గంటలు. సూది మార్చినట్టు మీరెక్కడా రాయలేదు. మీ ప్లేయర్‌లో ఉన్నది గుండ్రటి మొన ఉండే కోనికల్ సూది. అలాంటివి 300 నుంచి 500 గంటలు పనిచేస్తాయి. చివరి పాటే ఎందుకు గరగరమంటుందంటే, ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేటప్పుడు బయటి అంచున సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి సాగుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లే. అంతే పాటను సగం కన్నా తక్కువ జాగాలో కుక్కారన్నమాట. గుండ్రటి మొనకు ఆ ఇరుకులో చదవడం మామూలుగానే కష్టం. అరిగితే ‘స’, ‘ష’ అక్షరాలు చీలిపోయి వినిపిస్తాయి. అసలు ప్రమాదం ఇంకొకటుంది. అరిగిన మొన ఉలిలా పదునెక్కి గాడి గోడల్ని చెక్కేస్తుంది. నాన్నగారి రికార్డుకు ఆ నష్టం శాశ్వతం. కాబట్టి కొత్త సూది వచ్చేదాకా ఆ ఎల్పీలు ఆడించకండి.

ఈ నెల రికార్డు మానేసి ఆ 3,500తో మీ పాత ప్లేయర్‌కు సరిపోయే కోనికల్ సూది, కార్బన్ ఫైబర్ బ్రష్, డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. పాత సూది ముందుకు ఊడివస్తుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. ఈ మోడల్‌లో కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే భాగం) మార్చే వీల్లేదు, సూది బరువు సర్దే వీల్లేదు, 78 వేగం లేదు. అందుకే పెద్దది కొనాలన్న మీ కోరికలో తప్పేమీ లేదు.

ఇక నో-కాస్ట్ సంగతి. నగదు ధర 50,500 అయినప్పుడు 54,000లో ఉన్న తేడా 3,500 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. మొత్తం 4,365 అదనం. అసలు నెలనెలా తరుగుతూ ఉంటుంది కాబట్టి ఇది ఏడాదికి 20 శాతం పైన వడ్డీతో సమానం. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మీ ఖర్చుల పట్టికలో నాకు కనిపించిన పెద్ద అంకె 54,000 కాదు, ఆ 3,500. ఏడాదికి 42,000! టర్న్‌టేబుల్ ఒకసారి కొంటే సరిపోతుంది, రికార్డులు మాత్రం కొన్నంత కాలం కొంటూనే ఉంటాం. ఇంట్లో 170 ఉండగా మరో ఏడాదిన్నర కొత్తవి కొనకపోతే మీకు పోయేది లేదు. వచ్చే నెల నుంచి ఆ 3,500 పదిహేను నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. కట్టేది 52,500. 6.5 శాతం వడ్డీ అనుకుంటే సుమారు 2,275 కలిసి 54,775 అవుతుంది. వడ్డీ పన్ను పరిధిలోకి వస్తుంది, అది గుర్తుంచుకోండి. ధర ఇదే ఉంటే నగదు కట్టాక నాలుగు వేల పైచిలుకు మిగులుతుంది.

అన్నీ పోను మీకు నెలకు మరో 3,500 మిగులుతోంది. అది అత్యవసర నిధికి. వాయిదాతో కలిపి మీ ఇల్లు నడవడానికి నెలకు 57,000 కావాలి. చేతిలో ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. పదహారు నెలల్లో 56,000 చేరితే 1.66 లక్షలు, అంటే దాదాపు మూడు నెలల ఖర్చు. ఆరు నెలలకు సరిపడా చేరేదాకా బోనస్ వస్తే అందులోకే. పాత రికార్డులకు ధర పెరుగుతోందంటూ వాటిని పెట్టుబడి కింద రాసుకోకండి. కొనేవాడు మంచివి పది ఏరుకుని, మిగతావాటికి చిత్తు కాగితాల ధర కడతాడు.

కొత్తదానితో వచ్చే ఎలిప్టికల్ సూది వయసు 300 గంటలు. మీ వాడకానికి పదిహేడు నెలలు. గంటకు 11 రూపాయలు లోపే. మైక్రోలీనియర్ 1,000 గంటలు, గంటకు 13 రూపాయలు, ఐదేళ్లకు దగ్గరగా వస్తుంది. లోపలి గాడుల్ని అదే బాగా చదువుతుంది. గంట లెక్కన తేడా రెండు మూడు రూపాయలే అయినా మొదటి సూది అరిగేదాకా ఆగండి. దుమ్ము తుడిచే గుడ్డ ఒక్కసారి తగిలితే 13,000 గాలికి పోతాయి.

కొత్త ప్లేయర్ బిగించేటప్పుడు ముందు స్పిరిట్ లెవెల్‌తో బల్ల సమంగా ఉందో లేదో చూడండి. యాంటీ-స్కేట్ (సూది లోపలి వైపు లాగకుండా ఆపే మీట) సున్నా మీద పెట్టి, వెనక బరువు తిప్పుతూ టోన్ ఆర్మ్ (సూది ఉండే చేయి) గాల్లో అడ్డంగా తేలేలా చేయండి. అక్కడ అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకు తెచ్చి, ఆపైన బరువుతో కలిపి 2 దాకా తిప్పండి. దానితో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు 2 గ్రాములు. యాంటీ-స్కేట్ కూడా 2. అంకెల చక్రాన్ని పూర్తిగా నమ్మక చిన్న డిజిటల్ గేజ్‌తో సరిచూసుకోండి. బరువు తగ్గిస్తే రికార్డుకు మంచిదనుకుంటారు గానీ, తేలికైన సూది గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని కొడుతుంది. స్పీకర్లను అదే బల్ల మీద పెడితే అదురు సూదికి ఎక్కుతుంది. ప్లేయర్ వెనక స్విచ్ ‘లైన్’ మీద పెట్టి ఆంప్లిఫయర్ ‘ఫోనో’లో గుచ్చితే ధ్వని రెండుసార్లు పెరిగి బద్దలవుతుంది. రెంటిలో ఒకటే వాడాలి.

కాకినాడ తేమకు కవర్లలో తెల్లటి బూజు పడుతుంది. లోపలి కాగితం కవర్లు మార్చి, రికార్డుల్ని నిలువుగా పెట్టండి. 78 రికార్డులు లక్కతో చేసినవి. ఆల్కహాల్ ఉన్న క్లీనర్ తగిలితే కరుగుతాయి. వాటి గాడి వెడల్పు, ఎల్పీ సూది అడుగుకు జారిపోతుంది. కాబట్టి అదే కార్ట్రిడ్జ్‌కు సరిపోయే 78 సూది విడిగా కొనాలి.

బావగారి మాట. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. ఏసీ మోటారుతో నడిచే బెల్ట్ మోడళ్ల వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. కన్వర్టర్ వోల్టులను దించుతుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. అక్కడి 33⅓ ఇక్కడ 27.8 అవుతుంది. నాలుగు శ్రుతిలో పాడిన గాయకుడు రెండు శ్రుతిలో, సాగదీస్తూ పాడినట్టుంటుంది. డీసీ అడాప్టర్‌తో నడిచేవాటికి ఈ బెడద లేదు గానీ, అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. ఆయన తెస్తానంటే ప్లగ్గు లేనివి చెప్పండి: బరువు చూసే గేజ్, 78 సూది. రెండూ కలిపి జేబులో పడతాయి.