నల్లగొండలో ఏముందన్న బిడ్డకు

బిడ్డా,

మొన్న ఫోన్‌లో "ఈ నల్లగొండలో ఏముంది పెద్దనాయినా, ఆదివారం వచ్చిందంటే పిల్లలు ప్రాణం తీస్తున్నారు" అన్నావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట నాలుగు రోజులు చెవిలోనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సులో టికెట్లు కొట్టిన నేనూ చాలాకాలం అదే మాట అన్నాను మరి. పానగల్లు స్టేజీ దగ్గర ఎన్ని వేలమందిని దింపానో లెక్కలేదు. నేను మాత్రం ఒక్కసారీ దిగలేదు.

నన్ను దింపింది ఒక పొరపాటు. ఎక్కడి నుంచో వచ్చినాయన "పిల్లలమర్రి పోతుందా?" అని అడిగితే, పోతుంది ఎక్కండి అని సూర్యాపేట బండి ఎక్కించుకున్నాను. పాపం ఆయనకు కావలసింది ఇక్కడ మా పాలమూరు (మహబూబ్‌నగర్)లోని మర్రిచెట్టు. సూర్యాపేట దగ్గరున్న పిల్లలమర్రి ఒక ఊరు, అక్కడ ఉన్నవి కాకతీయుల కాలపు గుళ్ళు. సాయంత్రం తిరుగు బండిలో ఆయన మళ్ళీ ఎక్కేసరికి, ఇక తిట్లు తప్పవనుకున్నా. ఆయనేమో నల్లరాతి స్తంభాల నునుపు గురించి దారిపొడుగునా చెప్పి, "చెట్టు ఎక్కడికి పోతుందిలే" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఆ వారమే సెలవు పెట్టి వెళ్ళి చూసొచ్చాను.

అందుకే నా మొదటి సలహా: దూరం లెక్కలు వేసుకోకు. మీ ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండని పానగల్లుతో మొదలుపెట్టు. అక్కడ ఛాయా సోమేశ్వరాలయం పొలాల మధ్యన ఉంటుంది. కందూరు చోళుల కాలంలో కట్టింది. మూడు గర్భగుళ్ళు ఉంటే, వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ కదలాలి కదా! అది ఏ ఒక్క స్తంభం నీడా కాదట. వెలుతురు చెదిరి లోపలికి రావడంతో ముందున్న స్తంభాల నీడలు ఒకదాని మీదొకటి పడి అట్లా కనిపిస్తుందని చదువుకున్నవాళ్ళు చెప్తారు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పకు. ఏ స్తంభం నీడో కనిపెట్టమని వదిలెయ్. ఒకసారి పొద్దున తీసుకెళ్ళు, ఇంకో వారం సాయంత్రం తీసుకెళ్ళు. ఒక్కసారి చూసి ఫొటో దిగి వచ్చేస్తే అది మామూలు గుడే.

పక్కనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్నాయి. ఆ గుడి బయటి గోడల మీద రామాయణం, భారతం బొమ్మలున్నాయి, వాటికి తొందర పడొద్దు. ఎండ తిరిగాక ఉదయసముద్రం కట్ట మీదికి రండి. అది కూడా ఆ చోళుల నాటి చెరువే. ఇప్పుడు సాగర్ నుంచి వచ్చే కృష్ణ నీళ్ళతో నింపుతున్నారు. చలికాలం సాయంత్రం అక్కడ బుడుబుంగ పిట్టలు నీళ్ళలో మునిగి ఎక్కడ తేలతాయో పందెం కాస్తే, చిన్నోడు ఇంటికి రానంటాడు చూడు. పల్లీలు పొట్లం కట్టుకొని పో. కట్ట మీద ఆటలు మాత్రం వద్దు, చెయ్యి పట్టుకొనే ఉండు.

ఊళ్ళోనే ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట తెల్లవారుజామున ఎక్కండి. నల్లగొండ రెండు గుట్టల మధ్యన ఎట్లా ఇరుక్కొని ఉందో కిందున్నన్నాళ్ళూ తెలియదు.

నాగార్జునసాగర్ సంగతి. గేట్లెత్తారని టీవీలో చూసి అందరూ బయల్దేరే ఆదివారం మాత్రం పోకు. 26 గేట్ల నీళ్ళ కంటే ముందు కార్ల వరుస చూడాల్సి వస్తుంది. అల్లుడికి వారం మధ్యలో సెలవు దొరికితే అప్పుడు పోండి. 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కును పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూసి, లాంచీ ఉందో లేదో కనుక్కొని నాగార్జునకొండకు పోండి. డ్యామ్ నీళ్ళలో మునిగిపోయే లోయలో తవ్వితీసిన బౌద్ధ శిల్పాలను కొండ మీదికి చేర్చి దాచారు. ఒకప్పుడు అది కొండ, ఇప్పుడు దీవి. నీళ్ళ కింద ఒక ఊరుందని చెప్తే పెద్దపిల్ల వంద ప్రశ్నలడుగుతుంది. జవాబు తెలియకపోతే అక్కడి మనుషులను అడుగు, నామోషీ పడకు.

నల్లమల అడవి వైపు మల్లెలతీర్థం జలపాతానికి వెళ్ళాలని ఉంటే నా తప్పు నువ్వు చెయ్యకు. నేను మే నెలలో మనవణ్ణి వెంటేసుకొని పోయాను. నీళ్ళు సన్నటి ధార. దిగేటప్పుడు మూడొందల పైచిలుకు మెట్లు తెలియలేదు గానీ ఎక్కేటప్పుడు మోకాళ్ళు నన్ను తిట్టిపోశాయి. వానలు వెనకబట్టాక పోవాలి. అడవిలోంచి పోయే ఆ శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, కాబట్టి సాయంత్రమే మన్ననూరు చెక్‌పోస్టు దాటి వచ్చెయ్యండి. కోతులుంటాయి, తినేవి చేతిలో పట్టుకొని తిరగొద్దు. సంచులు, సీసాలు తిరిగి ఇంటికి తెచ్చుకోండి.

ఇక మా పాలమూరు. ఇక్కడి పిల్లలమర్రి దాదాపు 3 ఎకరాల్లో ఊడలు దించిన చెట్టు. అసలు మొదలు ఏదో పట్టుకోలేవు. చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగితే, మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారు. వచ్చే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఎంత దగ్గరికి పోనిస్తున్నారో కనుక్కొని చెప్తాను. మీ పెద్దమ్మ అయితే చెట్టు కంటే సీతాఫలాల కోసమే రమ్మంటోంది. దసరా ముందూ వెనకా వస్తే బాలానగర్ కాయ దొరుకుతుంది. గంప ఖాళీది తెచ్చుకో. అల్లుణ్ణి టైర్లలో గాలి చూసుకొమ్మను.

మీ పెద్దనాయిన